జిప్పులక్క గట్టెక్కిన వైనం

ప్రపంచంలో ఎక్కడ ఏ ఉపద్రవం వచ్చినా మా వీధికి ముందు తెలుస్తుంది. మా వీధి అంత గొప్పదని కాదు. నా జిరాక్సు, బైండింగు కొట్టుకి ఎదురుగా ఆర్థిక విధాన పరిశోధన సంస్థవారి అద్దాల భవనం ఉంది. ఎక్కడో యుద్ధం మొదలై నూనె ధర పెరిగిందంటే వాళ్ళ కార్లు పొద్దున్నే వచ్చేస్తాయి. ఏదో దేశం నీళ్ళలో మునిగిందంటే వాళ్ళకి మధ్యాహ్నం భోజనానికి కూడా తీరిక ఉండదు. కొన్నాళ్ళకి ఆ మునిగిన దేశం, ఆ పెరిగిన ధర కట్టలు కట్టలుగా కాగితాలై నా కొట్టుకి వస్తాయి. నేను వాటికి బెజ్జాలు కొట్టి, అట్టలేసి, తీగ చుట్టి ఇస్తాను. ప్రపంచ సమస్యలతో నా సంబంధం అంతవరకే ఉంటే బాగుండేది.

నేను చెప్పబోయేది ఆ భవనం గురించి కాదు, జిప్పులక్క గురించి. ఆ భవనం గురించి మాట్లాడితే నా నోరు పాడవుతుంది. కానీ ఆవిడ బతుకులోకి పిలవని పేరంటంగా వాళ్ళే దూరారు కాబట్టి తప్పదు.

జిప్పులక్క నాకు తోడబుట్టినది కాదు. నా కొట్టుని ఆనుకుని మున్సిపల్ మార్కెట్టు ఉంది. ఆ మార్కెట్టు మెట్ల కింద గదిలో ఆవిడ జిప్పులు బాగుచేసేది. మెట్ల కింద గది కాబట్టి కప్పు ఏటవాలుగా ఉండేది. లోపలికి వెళ్ళేకొద్దీ మనిషి వంగాలి, చివరికి వెళ్తే కూర్చోవాలి. ఆ చివర్లోనే గోడకి మేకులు కొట్టి బ్యాగులు వేలాడదీసేది. గుమ్మం దగ్గర, వెలుతురు పడేచోట, కాలి మిషను. దాని పక్కన పాత బిస్కట్ల డబ్బాల్లో జిప్పుని లాగే ఇత్తడి రన్నర్లు, ఇనుప రన్నర్లు, ప్లాస్టిక్కువి, వేటికవి. సబ్బుముక్క ఒకటి, మైనం పట్టించిన దారం, పట్టుకారు. కళ్ళజోడు మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే. అది లేకపోతే ఆవిడకి జిప్పు పళ్ళు కాదు గదా, జిప్పు తెచ్చిన మనిషి కూడా సరిగ్గా ఆనేవాడు కాదు.

ఎవరైనా బ్యాగు తెస్తే ముందు బ్యాగుని తిట్టేది, తర్వాత తెచ్చినవాళ్ళని తిట్టేది.

"ఎంత పడుతుందో అంతే పెట్టాలి నాయనా. కుక్కి కుక్కి పెడితే పళ్ళూడవూ? నీ నోట్లో అలాగే కుక్కుకుంటావా?"

తిట్లు తినడానికే వచ్చేవాళ్ళలా జనం మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. పని అంత శుభ్రంగా ఉండేది మరి.

ఆవిడ భర్తని నేను బావ అంటాను. వ్యాను నడిపేవాడు. సరుకు దింపుతూ నడుం పట్టేసి, ఇక బరువు మొయ్యలేని మనిషయ్యాడు. ఇంట్లో వంట చేసి, మధ్యాహ్నం క్యారియరు పట్టుకొచ్చి, గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతూ వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేసేవాడు. పిల్లల్లేరు. ఆ సంగతి మీద మాత్రం బావ ఎప్పుడూ జోకు వెయ్యలేదు.

ఆ మెట్ల కింద గదులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. వేరే ఆధారం లేని చేతిపనివాళ్ళకి ఇవ్వాలని మార్కెట్టు ఆఫీసువారి నియమం. బావ నడుం పట్టేసిన ఏడాదే అక్కకి ఆ గది వచ్చింది. మిషను బరువు తెలిసినవాళ్ళకి గది విలువ చెప్పక్కర్లేదు. రోజూ మోసుకెళ్ళి మోసుకొచ్చే వస్తువు కాదది. గది ఉంటే మిషను ఉంటుంది, మిషను ఉంటే మందపాటి బ్యాగులు, సూటుకేసులు, స్కూలు సంచుల పని ఉంటుంది. గది లేకపోతే చేతిసూదితో చేసే చిల్లరపనే గతి. అక్క ఆస్తి, ధైర్యం, పెద్దరికం అన్నీ ఆ వంగిన కప్పు కిందే ఉండేవి.

ఇక కెమెరా డాక్టరు. వైద్యం చేసే డాక్టరు కాదు, పుస్తకాలు చదివి అయిన డాక్టరు. ఎదుటి భవనంలో పరిశోధకుడు. మెడలో కెమెరా, మొహాన చెరగని నవ్వు. కెమెరా సంచి జిప్పు ఊడితే ఒకరోజు అక్క దగ్గరికి వచ్చాడు. అక్క తిడుతూ బాగుచేస్తుంటే, "అక్కా, ఊరికే ఒక ఫొటో" అని టక్కున తీశాడు. అక్క మురిసిపోయింది, చెంగు సర్దుకునే టైమైనా ఇవ్వలేదని కోప్పడింది కూడా.

ఆ సంస్థలో ఒక ఆచారం ఉంది. వాళ్ళు రాసే ప్రతి నివేదికలో పట్టికలు, గీతలు, వంకర్లు అయ్యాక అధ్యాయం చివర లేతపసుపు రంగులో ఒక బాక్సు ఉంటుంది. బాక్సులో ఒక మనిషి ఫొటో, ఆ మనిషి కథ. దాన్ని వాళ్ళు 'మానవీయ కోణం' అంటారు. అంటే మిగతాదంతా ఏ కోణమో వాళ్ళే ఒప్పుకున్నట్టు. విరాళాలిచ్చే విదేశీ పెద్దలకి పట్టికలు చదివితే నిద్రొస్తుందట, మనిషి కనిపిస్తే మెలకువొస్తుందట. ఆ మనిషి కోసం ఊళ్ళు పట్టుకు తిరగాలంటే ఎండ, దుమ్ము, నడక. అక్కేమో రోడ్డు దాటితే ఉంటుంది. ప్రపంచంలోని పేదలందరిలోకీ ఆ భవనానికి అతి దగ్గర్లో ఉన్న పేద మా జిప్పులక్క.

మొదటిసారి ఎండల మీద నివేదిక కట్టడానికి వచ్చినప్పుడు బాక్సులో అక్కని చూసి నేను నోరెళ్ళబెట్టాను. భూగోళం వేడెక్కడం వల్ల పని మానుకున్న భవన నిర్మాణ కూలీ అని రాశారు. పరిగెత్తుకెళ్ళి చూపించాను. అక్క కళ్ళజోడు పైకి నెట్టి చూసి, "బాగానే పడ్డానే" అంది. బావ, "ఏవమ్మా తాపీమేస్త్రీ, మన ఇంటి గోడ ఎప్పుడు కడతావ్?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

తర్వాత వలసల నివేదికలో అక్క భర్త పరాయిదేశం వెళ్ళి తిరిగిరాని ఒంటరి స్త్రీ అయింది. బావ ఆ పేజీ చూసి, "మరి నీకు క్యారియరు తెచ్చేవాడెవడే?" అని అడిగాడు. జనాభా వృద్ధాప్యం నివేదికలో అక్కకి ఏకంగా డెబ్బైకి చేరువైన వయసు అంటగట్టారు. దానికి మాత్రం ఆవిడ ఒంటికాలి మీద లేచింది. జుట్టుకి రంగు వేసుకోవాలా వద్దా అని వారంరోజులు అద్దం ముందే గడిపింది. బావ ఆ వారమంతా, "పెద్దావిడా, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించనా?" అని చంపుకుతిన్నాడు.

తిండిగింజల ధరల నివేదిక వచ్చింది. అందులో అక్క నలుగురు పిల్లల తల్లి. పిల్లలకి పెట్టి తను రాత్రిపూట పస్తుంటుందట. నేను చూపించకుండా ఉండాల్సింది, కానీ బావ అప్పటికే పేజీ తిప్పేశాడు. పుస్తకం అక్క ఒళ్ళో పెట్టి, క్యారియరు గిన్నెలు సర్దుకున్నాడు. అక్క ఆ బాక్సు వంక చూసి, "పిల్లల పేర్లేమైనా రాశాడేమో చూడరా తమ్ముడూ" అంది.

రాయలేదు. ఆరోజే నాకు ఆ భవనమంటే రోత పుట్టింది.

వెళ్ళి కెమెరా డాక్టర్ని నిలదీశాను. అతను నా భుజం మీద చెయ్యేసి, "అది ఆవిడ కథ కాదన్నా, ఆవిడలాంటి లక్షలమంది కథ" అన్నాడు. అంత మెత్తగా చెప్పేవాణ్ణి కొట్టడం కూడా కష్టమే. చెయ్యి దులిపేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత వచ్చింది అసలుది. చిన్న వ్యాపారులు, డిజిటల్ విప్లవం అని దాని పేరు. లోకంలో ధరలు మండిపోతున్నా, సరుకు రవాణా స్తంభించినా, ఫోను చేతపట్టిన చిన్న వ్యాపారి ఎలా పైకొస్తాడో అందులో నిరూపించారు. బాక్సులో మా అక్క. కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో ధగధగలాడే ఫోను పట్టుకుని, నవ్వుతోంది. ఆ ఫోను కెమెరా డాక్టరుది. ఫొటో కోసం కాసేపు పట్టుకోమన్నాడు, తీయగానే తీసేసుకున్నాడు. కింద రాసింది మాత్రం చూడాలి. ఈ మహిళ తన చేతిసంచుల్ని ఆన్‌లైన్లో పలు దేశాలకు అమ్ముతోందట, ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి ఉపాధి కల్పిస్తోందట, త్వరలో సొంత షోరూము తెరవబోతోందట. అక్క చేతిసంచి కుట్టి అమ్మిన పాపాన పోలేదు. ఊళ్ళోవాళ్ళ సంచులు బాగుచెయ్యడానికే ఆవిడకి తీరిక లేదు.

"షోరూముకి కప్పు తిన్నగా ఉంటుందేమోనే, నువ్వు వంగడం మర్చిపోతావేమో" అన్నాడు బావ. అదే ఆ ఇంట్లో ఆ విషయం మీద చివరి జోకు.

ఎందుకంటే ఆ నివేదికని మార్కెట్టు ఆఫీసువాళ్ళు చదివారు. లోకంలో ఇలాంటివి ఎవరూ చదవరని నేను ధైర్యంగా ఉండేవాణ్ణి, కట్టేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. కానీ కొత్తగా వచ్చిన మార్కెట్టు అధికారి చదివే రకం. ఇక మీదట గదులు ఇవ్వడం, తీసుకోవడం అన్నీ పరిశోధన ప్రకారమే జరగాలని ఆయన పట్టుదల. పైకొచ్చి సొంత కాళ్ళ మీద నిలబడ్డవాళ్ళని వాళ్ళ భాషలో 'గట్టెక్కినవారు' అంటారు. గట్టెక్కినవారు గది ఖాళీ చేసి, ఎక్కనివారికి చోటివ్వాలి. అక్క గది తలుపుకి నోటీసు అంటించారు. అక్క గట్టెక్కిందట.

ఆఫీసుకి నేనూ వెళ్ళాను. ఆ అధికారి చెడ్డవాడు కాదు, అదే ఇంకా ఒళ్ళు మండే సంగతి. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. బల్ల మీద నివేదికలు వరసగా పేర్చుకుని, మధ్యమధ్యలో రంగు కాగితాలు పెట్టుకున్నాడు. అక్క ఫొటో ఉన్న పేజీ తెరిచి, "మీరే కదమ్మా?" అన్నాడు.

"మొహం నాదే బాబూ. అందులో రాసిందేదీ నాది కాదు. ఆ ఫోను కూడా నాది కాదు, ఆ కెమెరా అబ్బాయిది."

"పైకొచ్చినవాళ్ళు ఒప్పుకోరమ్మా, దిష్టి తగులుతుందని భయం. నాకు తెలుసు." ఆయన నిజంగానే ఆప్యాయంగా నవ్వాడు. "మీరు గట్టెక్కారు. సంతోషించాలి. మీ గదిలోకి ఇంకో దిక్కులేని మనిషి వస్తుంది."

"అబద్ధమని వాళ్ళ చేతే చెప్పిస్తే?"

"వాళ్ళు రాసిస్తే ఈ క్షణంలో నోటీసు చింపేస్తాను."

రోడ్డు దాటి అద్దాల భవనంలోకి వెళ్ళాం. అన్నేళ్ళుగా ఎదురుగా ఉన్నా అక్క లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. గోడల నిండా ఆవిడే ఉంది. నివేదికల్లోని పసుపు బాక్సుల్ని పెద్దవి చేసి, ఫ్రేములు కట్టి, మెట్ల పక్కన వరసగా వేలాడదీశారు. ఎండకి వాడిపోయిన అక్క, మొగుడు వదిలేసిన అక్క, ముసలి అక్క, పస్తున్న అక్క. ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఒక్కోదాన్నీ చూస్తూ వచ్చింది. ఎదురొచ్చినవాళ్ళెవరూ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఒకాయన, "వెనక వైపు నుంచి రావాలి, పనివాళ్ళకి దారి అటు" అన్నాడు.

సంస్థకి పెద్ద ఒకాయన ఉన్నాడు. పెద్ద డాక్టరు. ఆయన గదిలో చలికి నాకు చేతులు ముడుచుకోవాలనిపించింది. అక్క చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. విని, నివేదిక తెప్పించి, బాక్సు కింద చీమతలకాయంత అక్షరాలు చూపించాడు.

"ఇందులో ఉన్నది మీరు కాదమ్మా. చూడండి, 'చిత్రం సూచన మాత్రమే' అని స్పష్టంగా రాశాం."

అక్క మొహం విప్పారింది. "అదే ముక్క ఆ ఆఫీసుకి ఒక కాగితం మీద రాసిచ్చెయ్యండి బాబూ. మీకు పుణ్యముంటుంది."

పెద్ద డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అదెలా కుదురుతుందమ్మా? ఒక బాక్సు గురించి రాసిస్తే మిగతా బాక్సుల సంగతేమిటని అడుగుతారు. సంస్థ విశ్వసనీయత ఉంది. దాని మీద ఎన్నో దేశాల విధానాలు ఆధారపడి ఉన్నాయి."

"నా గది కూడా దాని మీదే ఆధారపడిందిగా?" అంది అక్క.

ప్రపంచం చాలా క్లిష్టమైన దశలో ఉందని చెప్పాడాయన. బయటికొచ్చాక వాళ్ళ గేటు ముందు కాండ్రించి ఉమ్మేశాను. అక్క, "పాపం ఆ తుడిచేవాడు ఏం చేశాడురా" అని నన్నే తిట్టింది.

గది ఖాళీ చేశారు. మిషనుని ఇద్దరు మనుషుల్ని పెట్టి ఇంటికి, పై అంతస్తుకి మోయించారు. అది అక్కడే, మంచం పక్కన, బట్టలు ఆరేసుకునే వస్తువైపోయింది. అక్క నా కొట్టు ముందు రేకు కింద ఒక పీట వేసుకుని కూర్చుంది. చేతిసూదితో అయ్యేవి చేసేది, మందపాటి బ్యాగు వస్తే వెనక్కి పంపేది. తిట్టడం మానేసింది. వచ్చినవాళ్ళకి అది నచ్చలేదు. ఒక ముసలాయన, "ఏం తల్లీ, ఒంట్లో బాగాలేదా?" అని కూడా అడిగాడు. వానలొచ్చాక రేకు కారి డబ్బాల్లోకి నీళ్ళు పోయి ఇనుప రన్నర్లు తుప్పుపట్టాయి. అక్క వాటిని ఒక్కొక్కటే గుడ్డతో రుద్దుతుంటే చూడలేక నేను జిరాక్సు మిషను వైపు తిరిగి నిలబడేవాణ్ణి.

గది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కనివారెవరో తేల్చడానికి ఇంకో పరిశోధన కావాలట.

అప్పుడు మళ్ళీ వచ్చాడు కెమెరా డాక్టరు, ఆ నవ్వుతోనే. "అక్కా, ఇక్కడున్నారా! మీ గదికి తాళం చూసి ఎంత కంగారుపడ్డానో!" పది అడుగుల దూరంలో ఉన్న మనిషి కోసం కంగారుపడ్డాడట. విషయం ఏమిటంటే, వాళ్ళు కొత్త అధ్యయనం మొదలుపెట్టారు. ప్రపంచ సంక్షోభాల వల్ల కొందరు గట్టెక్కితే, కొందరు వెనక్కి జారిపోతున్నారు. జారిపోయినవారికి మెట్ల కింద గదులు ఇవ్వాలని ఆ నివేదికలో సిఫారసు చెయ్యబోతున్నారు. మార్కెట్టు అధికారి దాన్ని అమలుచేస్తానని ముందే మాటిచ్చాడు.

"జారిపోయినవారి బాక్సులో మీరుంటే, గది మీకే వస్తుందక్కా. నేను మీ కోసమే ఆలోచించాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "తోసినవాళ్ళే జారిందని రాసుకుంటారా? సిగ్గుందా నీకు?" అని మీదికెళ్ళాను. అక్క నా చొక్కా పట్టుకుని ఆపింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. వద్దంటే వద్దని నేను. బావ మంచం మీద నడుం కింద దిండు పెట్టుకుని పడుకుని, మిషను వంక చూస్తూ అన్నాడు, "మొహమే కదరా. ఇన్నిసార్లు వాడుకున్నారు, ఇంకోసారి వాడుకుంటే అరిగిపోతుందా? ఈసారైనా అది మనకి పనికిరానీ."

"ఈసారి రాసేది నిజమే కదా" అంది అక్క. "గది పోయింది నిజమే, పని తగ్గింది నిజమే. అబద్ధాలకి నవ్వుతూ కూర్చున్నాను. నిజానికి కూర్చోడానికేం?"

నేను చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు తాళం వేసిన గది ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టాడు కెమెరా డాక్టరు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తృప్తిపడలేదు. "అక్కా, ఆ కళ్ళజోడు తీసెయ్యండి. కళ్ళజోడుంటే చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, జారినట్టు లేరు."

"అది తీస్తే నాకు నువ్వే కనపడవు బాబూ."

"నేను కనపడక్కర్లేదు. దూరంగా చూడండి, చాలు."

అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది లేకుండా ఆవిడ మొహం నేను మొదటిసారి చూశాను. కళ్ళ చుట్టూ ఉన్న వాపు, ముక్కుకి రెండువైపులా పడిన నొక్కులు, అన్నీ బయటపడ్డాయి. వాడికి కావాల్సింది దొరికింది. టకటకా తీసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నివేదిక నా కొట్టుకే వచ్చింది. తెరిచి చూసి, నా కళ్ళని నేనే నమ్మలేదు. ఎడమ పేజీలో గట్టెక్కిన మహిళ: కళ్ళజోడు, ఫోను, నవ్వు. కుడి పేజీలో జారిపోయిన మహిళ: తాళం వేసిన తలుపు, ఖాళీ కళ్ళు. రెండూ మా అక్కే. పాత ఫొటోనే ఎడమ పక్క మళ్ళీ వేసేశారు. ఒకే వయసు, ఒకే వీధి, ఒకే పని చేసే ఈ ఇద్దరు మహిళల్లో ఒకరు పైకొచ్చి, ఇంకొకరు ఎందుకు పడిపోయారు అన్నది ప్రశ్న. పుస్తకమంతా పట్టికలు వేసి చివరికి తేల్చిందేమిటంటే, రెండో ఆవిడకి కొత్తదాన్ని అందిపుచ్చుకునే గుణం లేదట.

కట్ట చంకన పెట్టుకుని రోడ్డు దాటాను. కెమెరా డాక్టరు క్యాంటీనులో ఉన్నాడు. రెండు పేజీలూ వాడి టీ కప్పు పక్కన పరిచాను.

"ఇద్దరూ ఒకరే కదయ్యా!"

వాడు తడబడతాడనుకున్నాను. లేదు. పైగా గొంతు తగ్గించి, మెచ్చుకోమన్నట్టు చెప్పాడు. "అన్నా, ఇలాంటి అధ్యయనానికి అన్నివిధాలా సరిపోలిన జంట కావాలి. వయసు, చదువు, కుటుంబం, పని, అన్నీ కలవాలి. దేశమంతా గాలించినా ఇంత బాగా సరిపోలిన జంట దొరకదు. నిన్న విదేశీ అతిథులు చూశారు. ఇంత చక్కటి పోలికని తామెప్పుడూ చూడలేదన్నారు."

"ఇద్దరూ ఒక్కరేనని ఎవరూ గుర్తుపట్టలేదా?"

"కళ్ళజోడు తీయించానుగా" అన్నాడు.

ఆ కట్ట అక్కడే విసిరేసి వచ్చాను. నేను కట్టనన్నాను. వెనక వీధిలో ఇంకో కొట్టువాడు కట్టాడు. లోకంలో తీగ చుట్టేవాళ్ళకి కరువా?

అక్కకి ఎడమ పేజీ సంగతి చెప్పలేదు. చెప్పే మొహం లేకపోయింది. పైగా మార్కెట్టు ఆఫీసువాళ్ళు నిజంగానే ప్రకటించేశారు: జారిపోయినవారికి గదులు. నివేదికలో బొమ్మ ఉన్న ఆ మహిళకే మొదటి గది, అదీ ఆవిడ పాత గదే. అక్క మళ్ళీ మనిషైంది. తుప్పు వదిలిన రన్నర్లని సైజుల వారీగా ఏరుకుంది. మిషనుకి కొత్త బెల్టు వేయించింది. నా కొట్టుకొచ్చిన ఒకమ్మాయి సంచి చూసి, "దీన్నిండా ఇటుకలు మోస్తున్నావా ఏంటే?" అని తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ పేజీ ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

ముగ్గురం ఆఫీసుకి వెళ్ళాం. బావ నడుముకి పట్టీ బిగించుకుని మరీ వచ్చాడు. అధికారి ఎప్పటిలాగే లేచి నిలబడి, కుర్చీలు వేయించాడు.

"చెప్పండమ్మా, వ్యాపారం ఎలా ఉంది?"

"గది తాళం కోసం వచ్చాను బాబూ. ఈ బొమ్మలో ఉన్నావిడకి ఇస్తామన్నారుగా. నేనే."

ఆయన నివేదిక తెరిచాడు. కుడి పేజీ చూశాడు, అక్కని చూశాడు. తొందరపడే మనిషి కాదు, జాగ్రత్తగా చూశాడు. తర్వాత వేలు మెల్లగా ఎడమ పేజీ మీదికి జరిపాడు.

"మీరు ఈవిడమ్మా."

అక్క వంగి చూసింది. ఆవిడకి ఎడమ పేజీ సంగతి అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం నా వైపు తిరిగి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "అది పాతది బాబూ. ఇద్దరూ నేనే."

"ఈ కుడి పేజీలో ఆవిడకి కళ్ళజోడు లేదు."

అక్క కళ్ళజోడు తీసేసింది. ఆ వాచిన కళ్ళతో ఆయనున్న వైపు మొహం పెట్టి నిలబడింది. బావ తల దించుకున్నాడు.

"అలా తీసేస్తే ఎలాగమ్మా?" అధికారి గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. "కళ్ళజోడు ఎవరైనా తీస్తారు. కాస్త ఆలోచించండి. ఈ ఇద్దరికీ తేడా ఏమిటో కనిపెట్టడానికి అంతమంది డాక్టర్లు కూర్చుని పరిశోధన చేశారు. ఇద్దరూ ఒక్కరే అయితే ఎందుకు చేస్తారు?"

నేను అరిచాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు. బంట్రోతు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. అధికారి అక్కతోనే మాట్లాడుతున్నాడు.

"మీరు పైకొచ్చినవాళ్ళు. పాపం ఆవిడకి వచ్చిన గదిని మీరు అడగడం బాగాలేదమ్మా. మీలాంటివాళ్ళే అలాంటివాళ్ళకి చెయ్యందించాలి. మీ వీధే అని రాశారు కదా, ఎక్కడైనా కనిపిస్తే రమ్మనండి. రాగానే తాళం చేతిలో పెడతాను."

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. పెట్టుకుని, ఆ రెండు పేజీలూ ఇంకోసారి చూసింది. "అలాగే బాబూ" అని బయటికి నడిచింది. మెట్లు దిగేటప్పుడు బావకి చెయ్యందించింది.

ఆ గదికి రంగు వేయించారు. తలుపు మీద అద్దం బిగించి, లోపల కుడి పేజీ బొమ్మ పెట్టారు. ఇది ఈ సోదరికి కేటాయించబడినది అని కింద రాశారు. తాళం మాత్రం తియ్యలేదు. అక్క దానికి ఎదురుగా, నా రేకు కింద, పీట మీద కూర్చుని జిప్పులకి సబ్బు రుద్దుతూ ఉంటుంది. అధికారి మంచివాడని చెప్పానుగా, మార్కెట్టు చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆవిడ దగ్గర ఆగుతాడు.

"ఏమ్మా, ఆవిడ ఎక్కడైనా కనిపించిందా?"

అక్క తలెత్తదు. కళ్ళజోడు పైకి నెట్టుకుని, చేతిలోని పని ఆపకుండా, "ఇంకా లేదు బాబూ" అంటుంది.